అసౌకర్యానికి చింతిస్తూ

ఇరవై రెండేళ్లు
విశాఖపట్నం స్టేషన్లో నా గొంతు ఉద్యోగం చేసింది.
నా ముఖం ఎవరికీ తెలీదు.
జ్ఞానాపురం గేటు వైపు నుంచి పరుగెత్తే కాళ్లన్నీ
నా మాట విన్నవే.
దయచేసి వినండి, దయచేసి వినండి,
అంటూ అంటూ
వినడం నేనే మరిచిపోయాను.
ఇంట్లో అన్నం వడ్డిస్తూ కూడా
"పులుసు మరికొద్ది సేపట్లో" అనేదాన్నట.

ఒకరోజు గొంతులో కాయలు కాశాయన్నారు.
కేజీహెచ్ డాక్టరు మూడు నెలల మౌనం
బిళ్లల్లా రాసిచ్చాడు, పూట తప్పకూడదని.

మెడలో పలక వేలాడదీసుకుని కొండెక్కాను.
అరకులో డీజే పెట్టెలు.
లంబసింగిలో మంచు కంటే ముందే లేచే సెల్ఫీ కర్రలు.
మూడు ఆదివారాలు బస్సు ఛార్జీలు దండగ.
నాలుగోసారి అనంతగిరి ఘాట్లో
వాంతి వచ్చి దిగిపోయాను,
బస్సు నన్ను మరిచి వెళ్లిపోయింది.
అలా దొరికిందా చోటు:
సిల్వర్ ఓక్ చెట్ల నడుమ, మిరియాల తీగ కిటికీలోకి దూరిన
పాత కాఫీ గోదాం.
లోపల రెండు గబ్బిలాలు, ఒక విరిగిన తక్కెడ.

అమ్ముతారా? అని పలక మీద రాశాను.
గెమ్మెలి బుద్రికి చదువు రాదు,
మనవరాలు చదివి వినిపించింది.
"అమ్మడం నాకు చెల్లదు, కొనడం నీకు చెల్లదు.
ఉంటానంటే ఉండు" అంది బుద్రి
చోడి అంబలి గిన్నె నా వైపు జరుపుతూ.
నేల ఆమెది, గోడలు ఆమెవి.
దుప్పట్లు, లెక్కల పుస్తకం నావి.
వచ్చేవాళ్లకి ఏమమ్ముతామో చెప్పినప్పుడు మాత్రం
కడుపు పట్టుకుని నవ్వింది:
"ఏటమ్మా, ఊరుకోడానికి డబ్బులిత్తారా!"

ఇచ్చారు.
కొందరు వెనక్కీ అడిగారు.
సీతమ్మధార నుంచి వచ్చిన ఒకాయన
రాత్రంతా కీచురాళ్లని, తెల్లారకుండా కోడని,
రేకు మీద వాన కవాతు చేసిందని
నిశ్శబ్దం ఎక్కడండీ అని నిలదీశాడు.
సగం ఇచ్చేశాను.
మిగతా సగం కోడి తిండికి.

కొండ మీద ఇల్లు నడపడమంటే ఏమిటంటే,
శ్రావణంలో ఆరని దుప్పట్లను పొయ్యి చుట్టూ
పసిపిల్లల్లా కూర్చోబెట్టడం.
అతిథి మడమ మీది జలగకు ఉప్పద్దడం,
అతిథి కంటే ముందు మనం అరవకపోవడం.
స్నానాల గదిలో పాము ఉంటే
బుద్రి వచ్చేదాకా దానితో మర్యాదగా ఉండడం.
సిగ్నల్ కోసం చెట్టెక్కిన కుర్రాణ్ణి
చూడనట్టు వెళ్లిపోవడం.

వలిసె పూసిన నెలలో బంగార్రాజు వచ్చాడు.
ముప్పై ఏళ్లు ఆ లైను మీదే రైలు నడిపినవాడు.
ఎన్నిసార్లు పిలిచానో అతని బండిని, పేరు తెలీకుండా.
రెండు రోజులు నిద్రపోయాడు.
కింద లోయలో కిరండూల్ పాసింజరు
సొరంగంలోంచి బయటపడ్డప్పుడు
నిద్రలోనే అతని కుడిచెయ్యి లేచి
గాలిలో ఏదో పట్టుకుని లాగింది.
కింద హారన్ మోగింది.
చెయ్యి నెమ్మదిగా దుప్పటి మీదికి దిగింది.
అంబలి చల్లారినా లేపలేదు.

గొంతు ఎప్పుడో తిరిగొచ్చింది.
పలకని బుద్రి మనవరాలు తీసుకుంది.
కిందికి వెళ్లాలని మాత్రం తోచలేదు.

ఈ సాయంత్రం లోయలోంచి మంచు లేచింది,
ముందుగా కాదు, ఆలస్యంగా కాదు.
కాఫీ మొక్కలు పోయాయి, కళ్లం పోయింది,
నా చేతిలోని లాంతరు ఒక్కటే మిగిలింది.
అలవాటుగా నోరు తెరిచాను.
మంచుకి నా అవసరం లేదని
మూసేశాను.

ఎక్కడో తెల్లదనం లోపల్నుంచి బుద్రి కేక:
"ఓలమ్మా, ఇనబడతందా?
గంజి పొంగిపోతంది!"