గంట ఖరీదు

నన్ను ఆ క్లినిక్‌కి ఊరికే ఇచ్చారు.
జీతం ల్యాబుది, కుర్చీ డాక్టరుది,
కిటికీలో కనిపించే ఈరీ సరస్సు ఎవరిదీ కాదు.

పని చిన్నదే. మోచేతి పైన పట్టీ బిగించడం,
నరం దొరికేదాకా వేలితో తట్టి చూడటం,
ఊదా మూత గొట్టం, బంగారు మూత గొట్టం,
వాటి మీద పేరు, పుట్టిన తేదీ.
అక్కడిదాకా చట్టం ఒప్పుకుంటుందట.
నాకు తర్వాత చెప్పారు.

అక్టోబరులో రిసెప్షన్ లొరేన్ కాన్పుకి వెళ్ళింది.
ఫోను మోగుతూనే ఉంది.
మోగే ఫోను పక్కన చేతులు కట్టుకు కూర్చోవడం
మా అమ్మ నాకు నేర్పలేదు.
ఎత్తాను.
"డాక్టర్ పెట్రుచెల్లి గారి ఆఫీసండీ."
ఆ ఒక్క మాటతో
నేను కానుకనైపోయాను.

తర్వాత ఫైళ్ళు. బీమా ఫారాలు.
శుక్రవారాలు చేపల తొట్టి కడగడం కూడా.
అందులో ఒక నారింజ చేపకి నా మొహం తెలుసు.

ఆయన చెడ్డవాడు కాదు, అదీ రాసుకోండి.
బస్సు తప్పిన ముసలి కొవాల్‌చిక్‌ని
మంచులో తన కారెక్కించుకుని ఇంట్లో దింపొచ్చిన మనిషి.
కాకపోతే
ఇదివరకు మూడు ల్యాబులకి వెళ్ళే చీటీలు
చలి ముదిరేసరికి ఒక్క దారే పట్టాయి.
ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.
ఇస్తినమ్మ వాయనం అని ఒకరు అనకుండానే
పుచ్చుకుంటినని ఆయన కలం పలికింది.

పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన లాయరమ్మ
తడి గొడుగు మడిచి మూలన పెట్టి అడిగింది:
"ఫోను దగ్గర వారానికి ఎన్ని గంటలు, బెర్నడెట్?"
"తొమ్మిది. ఫ్లూ రోజుల్లో పన్నెండు."
"బజార్లో ఆ గంట ఖరీదెంత?"
పద్దెనిమిది డాలర్లని తనే రాసుకుంది.
వారాలతో హెచ్చవేసింది.
ఆ దారిన పోయిన ప్రతి చీటీ,
మెడికేర్ సొమ్ము చెల్లించిన ప్రతి గొట్టం
ఒక్కో అబద్ధపు బిల్లు అంది.

లంచం కవర్లో వస్తుందనుకునేదాన్ని.
తెల్లబూట్లు వేసుకుని, డబ్బాలో శాండ్‌విచ్ పెట్టుకుని
ఎనిమిదింటికల్లా వచ్చి
కోటు కొక్కేనికి తగిలిస్తుందని తెలీదు.

ల్యాబు ఏ తప్పూ ఒప్పుకోకుండా డబ్బు కట్టేసింది.
డాక్టరు ప్రాక్టీసు అమ్మేశాడు.
చేపల సంగతి ఎవర్నడగాలో తెలియలేదు.

ఇప్పుడు ఇంకో క్లినిక్, ఇంకో కుర్చీ.
పక్కబల్ల మీద ఫోను మోగితే
గ్లోవ్సు తీయకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను.
నాలుగు. అయిదు.
అవతల ఎవరి పిల్లకో జ్వరం.
ఏడోసారికి ఆగిపోతుంది.