చాసిస్ నంబరు

రాయగడ ఆర్టీవో ఆఫీసు ముందు
పదకొండు గంటల ఎండలో
బతికే ఉన్నానని కాగితం ఇవ్వడానికొచ్చిన పింఛనుదారులా
కాస్త ఎడమకి ఒరిగి నిలబడింది నా బండి.
పదిహేనేళ్లు నిండాయి.
ఇంకా నడుస్తోందని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

మీటరు లక్షా ముప్పైఆరు వేల దగ్గర ఆగిపోయింది,
రెండేళ్ల కిందట.
ఆ తర్వాతి కిలోమీటర్లన్నీ
నాకూ దానికీ మధ్య నోటి లెక్క.

దూరాలు తిరిగేవాళ్ల బండని చెప్పి అమ్మారు.
షోరూం గోడ మీద మంచుకొండలు,
కొండల ముందు నవ్వుతున్న ఎవడో.
నేను రైసుమిల్లు బెల్టుల ఏజెంటుని.
నాకు దొరికిన దూరం
గుణుపురం, మునిగుడ, బిసంకటక్,
సోమవారమైతే లక్ష్మీపూర్ ఘాటీ ఎక్కి కోరాపుట్, జయపురం.
వెనక సీటు మీద మనుషులకన్నా
రబ్బరు చుట్టలే ఎక్కువ కూర్చున్నాయి.
తేరుబలి గేటు దగ్గర గూడ్సు దాటేదాకా
ఇంజిను ఆపి, ట్యాంకు మీద చేతులు వేసుకుని
ఎన్ని గంటలు ఊరికే గడిపానో
ఆ లెక్క ఏ మీటరూ చూపించదు.

నల్ల అట్ట పుస్తకం ఒకటుంది.
"ఆయిలు, ప్లగ్గు. పెద్దదానికి అమ్మోరు తగ్గింది."
"ముందు బ్రేకు. కొలనార మిల్లు బాకీ రాలేదు."
"వెనక టైరు. గౌరునాయుడితో మాటల్లేవు."
"చైను, వచ్చే నెల."
"చైను, వచ్చే నెల."

కడ్రక జలంధర్ షెడ్డులో రేడియో ఉండదు.
స్క్రూడ్రైవరు కొస ఇంజిను మీద, పిడి చెవికి.
కళ్లు మూసుకుని వింటాడు.
"కిచ్చి నాయ్ భాయినా, టాపెట్.
గలగలమంటే పరవాలేదు, నడుస్తాది.
బిగుసుకుపోయి నోరు మూసుకుందనుకో,
లోపల్లోపల వాల్వుని కాల్చేస్తాది."
ఆ రోజు నేను తలూపి
ఇరవై రూపాయలు తక్కువిచ్చి వచ్చాను.

పదిహేనేళ్లలో ఒక్కసారే ఆగింది.
శ్రావణం, రాత్రి పదిన్నర, ఘాటీ మూడో మలుపు.
చైను తెగి చక్రంలో చుట్టుకుంది.
అది మోసం చేసిందని ఎవరికైనా చెప్పొచ్చు,
పుస్తకంలో నా చేతిరాత లేకపోతే.

సెల్లులో ఒక్క గడి సిగ్నలు.
ఇంటికి కలవలేదు. జలంధర్‌కి కలవలేదు.
తడిసిన వేలు ఏ పేరు మీద ఆగిందో
చూసుకోకుండానే మోగింది.

ఒంటిగంటకి కూరగాయల వ్యాను లైట్లు.
మూడేళ్ల తర్వాత నా తమ్ముడు
నా మొహం చూడలేదు, బండి చూశాడు.
ఇద్దరం ఎత్తి వ్యానులో పడేశాం.
తాడు లేదు. నా సరుకులోంచి
బి-డెబ్భైరెండు బెల్టు లాగి కట్టాడు.
కాకిరిగుమ్మ దాటాక అన్నాడు:
"బెల్టులమ్మేవోడివి, సైను సూసుకోవా?"

భూమి గొడవ ఇంకా తేలలేదు.
పుస్తకంలో మర్నాటి తేదీ కింద
"చైను, పళ్ల చక్రాలు రెండూ" అని ఉంది.
ఇంకేమీ రాయలేదు.

"ఇందులో పాతదేముందయ్యా?"
ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరిగాడు.
నిజమే. సీటు కొత్తది, పిస్టను రెండోది,
సైలెన్సరు మూడోది, అద్దాలకి లెక్కలేదు.
ఊరి పేరు ముందు అక్షరాలు కూడా
ఓఆర్ పోయి ఓడీ అయ్యాయి, నా పలక తప్ప.

కుర్రాడు హ్యాండిల్ కింద గొట్టాన్ని
కిరసనాయిలు గుడ్డతో తుడిచి
తెల్లకాగితం అదిమి పెన్సిల్ రుద్దాడు.
ముందు తుప్పే వచ్చింది.
తర్వాత ఒక సున్నా. ఒక నాలుగు.
చివరంకె ఒకటో ఏడో తేలలేదు.

పుస్తకం మొదటి పేజీ తీశాను.
బండి కొన్న రోజు అంటించిన పెన్సిలు ముద్ర,
గోధుమరంగు తిరిగిన టేపు కింద.
ఏడు.

ఐదేళ్లు అని రాసి ముద్ర కొట్టాడు.
కిక్కు కొట్టాను. అందుకోలేదు.
రెండోసారి కొట్టాను.
గలగలమంది.