మూడు డెసిబెల్స్

పాటు తీసింది. అంతర్వేది పల్లిపాలెం జట్టీ పక్కన
బోటు బురదలో ఓ పక్కకి ఒరిగి ఉంది.
మలికిపురం నుంచి మోపెడ్ మీద వచ్చాను,
గోనెపట్టాలో చుట్టిన రెండు తెల్లటి యాంటెన్నాలు వీపున,
సంచిలో టంకం కడ్డీ, ఆకురాయి, మీటరు, పెసరట్టు పొట్లం.

ఒకప్పుడు మేడల మీద
అల్యూమినియం చేపముళ్ళు బిగించేవాణ్ణి.
ఎప్పుడూ ఒకే దిక్కు చూస్తుండేవి.
ఇల్లు కదలదు గదా.

కొల్లాటి బంగారయ్య పొడుగుదాన్నే పట్టుకున్నాడు.
"ఇది పెట్టెయ్. డబ్బులకి చూడకు.
కాకినాడ దాకా వినపడాల."
అందరూ అదే అడుగుతారు.
పొడుగుది ఆరు డెసిబెల్స్, పొట్టిది మూడు.

పిండి ఒకటే, బాబాయ్.
పొడుగుది దాన్ని అప్పడంలా ఒత్తుద్ది, పల్చగా, దూరంగా.
కెరటం మీద నీ బోటు ఇటు ఒరిగితే
అప్పడం అంచు నీళ్ళలో నానుద్ది,
అటు ఒరిగితే నీ గోడు చుక్కలకి చెప్పుకుంటావు.
పొట్టిది పిండిని ఉండగానే ఉంచుద్ది.
ఎంత తూలినా సగం మాటన్నా ఒడ్డుకొస్తుంది.

"తక్కువది కొనుక్కోమనే కొట్టువాణ్ణి
ఇప్పుడే చూత్తన్నా," అన్నాడు.

కర్ర పొడుగు కాదు, అది నిలబడే ఎత్తు కావాలి;
రేడియో మాట కంటిచూపు లాంటిది,
నీళ్ళ వంపు దాటి వంగలేదు, అని ఇంకా చెప్పబోతుంటే
చెయ్యి అడ్డం పెట్టాడు:
"వంపు సంగతి నాకు చెప్తావా?
ఇంటికి మళ్ళినప్పుడు లైట్‌హౌస్ తల ముందు లేస్తది.
దాని కాళ్ళు కనపడాలంటే
ఇంకో రెండు బీడీలు కాలాల."

అంతే. స్తంభం కొసకి తనే ఎక్కాడు తాడు పట్టుకుని.

లావు కేబులే తీశాను, సన్నది దారిలోనే మాటని తాగేస్తుంది.
మిగిలిన ముక్క చుట్టచుట్టి దాచలేదు, కోసేశాను.
అతుకుల మీద రబ్బరు టేపు సాగదీసి మూడు చుట్లు,
దాని మీద ఆయన సొంత వైద్యం:
తారులో ముంచిన వలతాడు.
ఉప్పుకి రెండిట్లో ఏది భయమో ఉప్పుకే తెలియాలి.

మీటరు ముల్లు మూడు దగ్గర ఆగింది.
పంపిన మాట వెనక్కే తిరిగొస్తోంది.
టంకం విప్పాను, మళ్ళీ వేశాను, మళ్ళీ విప్పాను.
పెసరట్టు చల్లారింది.
కనెక్టరు లోపల, అల్లిక లోంచి తప్పించుకున్న
ఒకే ఒక్క రాగి వెంట్రుక
నడిమి తీగని తాకుతోంది.
గోటితో తుంచాను.
ముల్లు ఒకటిన్నరకి దిగింది.

ఇక ట్రాకర్ యాంటెన్నా.
దాన్ని రెండు బారల అవతల పెట్టాలి,
రెండూ ఒకే గొంతువి, పక్కపక్కన కూచోబెడితే
ఒకదాని మాట ఒకటి మింగేస్తాయి.
బంగారయ్య మొహం అప్పుడు ముడుచుకుంది.
"ఇది పెడితే నా సోటు అందరికీ కనపడదూ?"
నేను మాట్లాడలేదు. కేబిన్ గోడ మీద
గుండుసూదికి గుచ్చిన సబ్సిడీ కాగితం వైపు చూశాను.
ఆయనా చూశాడు.
"బిగించు," అన్నాడు, బాకీ ఒప్పుకున్నట్టు.

మర్నాడు మధ్యాహ్నం సామాను బాకీకి వెళితే
కాసులమ్మ ఇసక మీద సావిడాయిలు ఎండేస్తోంది.
ఫోనులో పటం తీసి చూపించాను.
మొగ దాటి, ఆగ్నేయానికి పోయి, చిన్న ఆకుపచ్చ త్రికోణం
ఒక్కచోట మసులుతోంది,
చెప్పు తెగినవాడిలా ముందుకీ వెనక్కీ.

చాలాసేపు చూసింది.
"అక్కడి బురద నల్లగా, జిగురుగా ఉంటది.
ముప్పయ్యేళ్ళుగా ఈయన వల ఉతుకుతున్నా.
అంతకు ముందు మా అయ్య వల ఉతికా.
అదే బురద."

ఫోను పైటకి తుడిచి ఇచ్చింది, పొలుసు అంటింది మరి.
"ఆయనతో అనకు," అంది.
"దాసుకున్నాననే అనుకోనీ."

సావిడాయిల్ని రెండో వైపు తిప్పసాగింది.