వరదగుడి

ఈతకొలనులోంచి లేచి తువ్వాలు అడిగాడు ఇవో.
వీపు తుడవబోయి ఆగిపోయాను.
ఎడమ రెక్క కింద మినపగింజంత మచ్చ,
దాని చుట్టూ తెల్లగా, గుండ్రంగా,
పాలలో ముంచిన వేలితో ఎవరో గీసినట్టు.
చంద్రుడికి గుడి కట్టిందనుకున్నాను.
దూరపు గుడికి దగ్గర వాన అంటారు.
మరి ఇంత దగ్గరి గుడికి
వాన ఎంత దూరాన?

పుంతా అరేనాస్‌లో చెట్లు కూడా గాలికి వంగే పెరుగుతాయి.
ఆకాశానికి చిల్లు పడిందని లోకానికి తెలిసేనాటికి
నేను ఉయ్యాల్లో ఉన్నాను.
టోపీ, లేపనం, పొడుగు చేతుల చొక్కా:
ఎండంటే మాకు భయమే.

యస్నా డాక్టరమ్మ దీపపు భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.
జుట్టు పాయలు తీసి చూసింది, అరికాళ్లు చూసింది,
కనురెప్పల దగ్గర, మోచేతుల మీద
బొల్లి ఏమన్నా మొదలైందా అని వెతికింది.
"కంగారు పడకండి" అంది.
"ఒంటి కావలివాళ్లు
సొంతవాణ్ణే పరాయివాడనుకుని చుట్టుముట్టారు.
కొన్నాళ్లకి మచ్చ కరిగిపోతుంది.
ఆ తర్వాత తెలుపూ నిండుతుంది, ఏళ్లు పట్టొచ్చు.
చివరికి ఏమీ లేనట్టే ఉంటుంది."

నేను ఊపిరి వదిలాను.
పక్క కుర్చీలో మా అత్తగారు దోమితిలా వదల్లేదు.
వేసవిలో కూడా తీయని ఉన్ని తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకుంది.
వేళ్ల కొసల నుంచి మణికట్టు దాకా తెల్లటి దీవులు.
"ఏమీ లేనట్టేనా?" అంది.

యాభై ఏళ్లవుతోంది. ఒక సెప్టెంబరు రాత్రి
కావలివాళ్లే వచ్చి ఆన్సెల్మోని తీసుకుపోయారు.
రేవు గేటు దగ్గర సార్జెంటు తలెత్తకుండా అడిగాడట:
ఒంటి మీద గుర్తులు?
ఎడమ రెక్క కింద పుట్టుమచ్చ. మినపగింజంత.
రాసుకున్నాడట.
రాసిన మాట చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాడట.
అంతే.

తర్వాతి చలికాలం ఆమె చిటికెనవేలు తెల్లబడింది.
దిగులువల్లేనా అంటే
చెప్పలేం అన్నారు డాక్టర్లు, అప్పుడూ ఇప్పుడూ.

పసివాడిగా ఇవోకి నీళ్లు పోసేటప్పుడు
ఆ మచ్చ మీద మాత్రం సబ్బు రుద్దేది కాదు.
అరిగిపోతుందేమోనని.
నేను నవ్వేదాన్ని.

ఆ రాత్రి చంద్రుడికి గుడి లేదు. అయినా వాన పడింది.
వంటింటి బల్ల మీద ఇవో బోర్లా పడుకుని ఫోను చూసుకుంటుంటే
బూడిదరంగు ఉన్ని దారం తెచ్చింది దోమితిలా.
మెడ ఎముక నుంచి మచ్చ దాకా కొలిచి ఒక ముడి.
వెన్నుపూస నుంచి మచ్చ దాకా ఇంకో ముడి.
కళ్లద్దాలు జారుతున్నాయి, తెల్లవేలు నల్లచుక్క మీద వణుకుతోంది.

"చక్కిలిగింత నానమ్మా!"

"కదలకురా. కొలత తప్పుతుంది."

దారం చుట్టి బొత్తాల డబ్బాలో వేసి
మూత గట్టిగా బిగించింది.