మీటరు లేని ఆటో

విజయనగరం స్టేషన్లో
రాయగడ పాసింజరు మూడు గంటలు లేటని
మైకులో ఒక గొంతు, తప్పేదీ తనది కానట్టు.

నా సంచిలో ఇత్తడి తూకపు రాళ్లు:
కిలో, అరకిలో, రెండొందల గ్రాములు,
వెల్వెట్ గుంతల్లో పడుకున్న చిన్న చిన్న నిజాలు.
తూనికలు కొలతల శాఖ ఉద్యోగం నాది.
పొద్దుట్నుంచీ బజార్లో పదకొండు కాటాలు చూశాను.
నాలుగింటికి దొంగబుద్ధి.

"ఏటమ్మా, అలాగ బెంచీ మీద కూకుంటే
రైలు బేగొచ్చెత్తాదా? రా, ఊరు సూపిత్తాను."
దాలినాయుడు. చొక్కా జేబు మీద రంగు వెలిసిన పేరు.
"ఎంత?"
"సూసినాక నువ్వే సెబుదువు గాని."

కోట దగ్గర ఆపాడు.
అప్పుడే కాలేజీ వదిలారు,
బురుజు నీడలోంచి ఆడపిల్లలు
ఫోన్లు చూసుకుంటూ, గోడను చూడకుండా.
"ఇజయదశమి నాడు ముగ్గోసినారంట.
పేరూ ఇజయమే, తిదీ ఇజయమే.
మరి ఓడిపోయినోలు ఏ ఊళ్లో ఉంటారో!"
నవ్వి, "సెయ్యెయ్యమ్మా గోడ మీద" అన్నాడు.
పగలంతా తాగిన ఎండ ఇంకా లోపలే ఉంది,
జ్వరం దిగుతున్న పిల్లాడి వీపులా.

గంటస్తంభం కింద
అరటిపళ్ల బండి, సిమ్ కార్డుల గొడుగు,
ఎవరికోసమో నిలబడి విసుక్కుంటున్న కుర్రాడు.
నా వాచీ రెండు నిమిషాలు వెనక.
తప్పు ఎవరిదని అడగబోయాను, అలవాటు.
"టైము సూడ్డానికి దీని కాడికి ఎవులూ రారమ్మా.
గంటస్తంబం కాడ ఉంటాను, వొచ్చీ
అని సెప్పుకోడానికే ఇది."

సంగీత కళాశాలకి వెళ్దామంటే
లోపలికొద్దన్నాడు. రోడ్డువైపు రెండో కిటికీ.
ఎవరో వయొలిన్ మీద ఒక మెట్టు ఎక్కుతున్నారు,
సరిగ్గా అక్కడే కాలు జారుతున్నారు.
"మూడు రోజుల్నించీ అక్కడే పడతంది.
ఇయ్యాల దాటుతాదేమో సూద్దారి."
ఆగాం. దాటలేదు.
ఇంజను వెయ్యకుండా
సందు చివరిదాకా ఆటోని తోసుకుంటూ వచ్చాడు.

భీమాలి తాండ్ర కొనిపించాడు.
పొట్లం చేతిలో పడగానే తెలిసిపోయింది,
పావుకిలోకి పదిగ్రాములు తక్కువ.
నోరు విప్పుదామంటే
నోటి నిండా మామిడి.

ఆఖర్న చూపించింది
ఖాళీ.
అమ్మవారి గుడి నుంచి కోటదాకా రోడ్డు,
స్కూటర్లు, మందుల షాపు, ఆవు.
"కింద కాదు, మీదికి సూడు."
తీగలు. తీగల మధ్య ఆకాశం ముక్కలు.

"కరెంటాఫీసులో కాంట్రాక్టు పని, పన్నెండేళ్లు.
సిరిమాను రోజు తెల్లారగట్ల
ఈ తీగలన్నీ ఇప్పేది మేమే.
సింతమాను కొసన పూజారి ఊగుతా ఎల్తాడు గదా,
ఆయనకి దారి గావాల.
ఆ రోజు అమ్మోరి కన్నా ముందు
ఆ ఎత్తున ఎల్లేవోణ్ణి నానే."

"చూడ్డానికి బాగుంటుందా?"
"ఏటో మరి. నాను ఎప్పుడూ సూళ్లేదు.
ఇప్పడం అవగానే అవతలి సందులో
నిచ్చెన పట్టుకోని ఉండేవోలం,
తిరిగి కట్టాల గదా.
జనం అరుపు ఇనేవోణ్ణి, మూడు మార్లు.
ఒక ఏడాది లిస్టులో నా పేరు రాలేదు. అంతే."

"ఇప్పుడు చూడొచ్చుగా?"
"ఇప్పుడా?" హారన్ మీద దుమ్ము తుడిచాడు.
"ఏడాదికి ఆ ఒక్క రోజే గదమ్మా బేరాలు."

మళ్లీ పైకి చూసి, చెయ్యెత్తి,
"ఇదిగో, ఇంతెత్తున" అన్నాడు.
టేపు సంచిలోనే ఉంది.
తియ్యలేదు నేను.

స్టేషన్లో లైట్లు వేశారు.
మీటరు ఉండాల్సిన చోట ఒక గుంత,
అందులో బీడీకట్ట, వాడిన సన్నజాజులు.
మీటరు లేని ఆటో మీద
కేసు రాయాల్సిన మనిషిని.
పుస్తకం ఉంది. పెన్నుంది. సీలు వేసే పట్టకారుంది.

"ఎంతివ్వను?"
"సూసినావు గదా, నువ్వే సెప్పు."

మూడొందలిచ్చాను.
లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని
ఇంకో బేరానికి కేకేశాడు.

ఎక్కువిచ్చానో తక్కువిచ్చానో
బొబ్బిలి దాటినా తేలలేదు.