ఇరవై దిమ్మలు

మే నెల, అల్లిపురం, రెండో అంతస్తు.
కరెంటు పోయి గంటన్నర.
మోచేతి చెమటకి కాగితం అంటుకుపోతోంది.
నేను దక్షిణ ధ్రువాన్ని తెలుగులోకి దించుతున్నాను.

ఓడ డాక్టరు హాల్వర్ రాసుకున్న డైరీ.
పదకొండు మందిలో ఆఖరివాడు.
మనిషి దొరకలేదు, పుస్తకం దొరికింది
బిస్కెట్ల డబ్బాలో, నూనెగుడ్డ చుట్టి,
ఎవరో వచ్చి మూత తీస్తారని అంత ధీమాగా.
జూన్‌లో సిరా గడ్డకట్టింది (అక్కడ జూన్ అంటే చీకటి).
అక్కణ్ణుంచి అంతా పెన్సిలే.

నాలుగో పేజీలోనే నా భాష చేతులెత్తేసింది.
ఆయన దగ్గర పదిహేడు మాటలున్నాయి:
రాలేదానికొకటి, రాలి ఊరుకునేదానికొకటి,
అడుగేస్తే మూలిగేదానికి, వెయ్యకముందే చీలేదానికి.
నా దగ్గరున్నది మంచు, ఒక్కటే.
అరకు రైలు కిటికీ మీద చేరేదీ మంచే,
డిసెంబరు పొద్దున్నే బీచిరోడ్డుని మింగేదీ మంచే,
ఓడని వేరుశెనక్కాయలా నలిపేసిందీ అదే.
హిమం అంటే కేలండరు బొమ్మ గుర్తొస్తుంది.
తుషారం అంటే ఎవరికీ చలెయ్యదు.

ధ్రువం మాట మరీ. కదలనిది అని కదా అర్థం.
ఆయనేమో రాస్తాడు: "మేం పడుకున్న నేల
నిద్రలోనే నాలుగు మైళ్లు జరిగింది."

ఆ మధ్యాహ్నం ఆటో ఎక్కి ఫిషింగ్ హార్బరుకి పోయాను.
ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా వాసన, తడి గోనెలు,
క్రషరు దగ్గర తెడ్డు పరసన్న.
"ఐసుకి పేర్లేటమ్మా" అని నవ్వాడు ముందు.
తర్వాత గోనె తొలగించి ఒక్కో దిమ్మా చూపించాడు.
"తెల్లగుంటే పాలదిమ్మ. అటేపు కనబడితే అద్దం.
ఇదిగో, మజ్జిలో డొల్ల, ఇది పుచ్చుది,
దీని మీద కాలెయ్యకు.
మిషన్లోంచి రాలిందంతా నూక."

నూక!
డైరీ అంచున రాసుకున్నాను.
మనుషులు లాగిన బండి ఆ సాయంత్రం
నూకలో కూరుకుపోయింది.
ముగ్గురిని పుచ్చుది మింగింది.

టీ తెప్పిస్తూ ఖాతా పుస్తకం జరిపాడు.
పొడుగు పుస్తకం, ఎర్రగుడ్డ అట్ట, తడికి ఉబ్బింది.
ఒక పేజీలో గుర్తుకి అగ్గిపుల్ల.
తుఫానుకి రెండ్రోజుల ముందు తారీఖు:
సూరాడ కొర్లయ్య బోటు. మనుషులు ఆరు.
దిమ్మలు ఇరవై. బాకీ.
దాని తర్వాత మూడేళ్ల లెక్కలు నిండిపోయాయి.
ఆ వరస మీద మాత్రం గీత పడలేదు.

"కొట్టెయ్యలేదేం?"
"కొట్టీసినావనుకో, ఆళ్లు పోనారని
మనవే రాసిచ్చినట్టయిపోదా?
ఆడి పెళ్లాం పత్రం కోసం తిరుగుతోంది.
ఏడేళ్లు నిండితేగాని ఇవ్వరట."
ఏ పత్రమని అడిగాను, తెలిసే.
"అదే, మరణ ధ్రువపత్రం."

క్రషరు మళ్లీ మొదలైంది. కాసేపు మాకేం వినబడలేదు.

ఇరవై దిమ్మలు పన్నెండు రోజులు వస్తాయట,
మూత మాటిమాటికీ తియ్యకపోతే.
ఆ తర్వాత ఏ పేరున్న ఐసయినా నీళ్లే.
హాల్వరూ వేశాడు ఇలాంటి లెక్కే:
బిస్కెట్లు ఇరవై ఏడు, రోజుకి మూడు.

బయటికొస్తే జెట్టీ మీద ఆడవాళ్లు
తట్టల్లో కానాగంతల మీద నూక చల్లుతున్నారు,
స్నానం చేసిన పిల్లలకి పౌడరు అద్దినట్టు.
డాల్ఫిన్స్ నోస్ కొండ ఎండకి కళ్లు మూసుకుంది.

రాత్రి ఎడిటరు ఫోను చేశాడు.
"పుచ్చుది ఏమిటండీ, శిథిల హిమం అనొచ్చుగా?"
అనలేనన్నాను. నిట్టూర్చి పెట్టేశాడు.

ఆఖరి పేజీ ఎంతోసేపు పట్టలేదు.
"గాలి లేదు. కుక్కల్లో సోఫీ ఒక్కతే మిగిలింది.
ఉల్లిపాయలు వేగుతున్నట్టు కలొచ్చింది.
పెన్సిలు చెక్కుకోవాలి."

కొర్లయ్య బోటులో పెన్సిలుండేదో లేదో
పరసన్నని అడగడం మర్చిపోయాను.