నాలుగు బకెట్ల వాన

ఇల్లు కొనేటోళ్ళు వాస్తు చూస్తరు,
బండి కొనేటోళ్ళు ఇంజన్ చూస్తరు.
మేం కొనేది రెండూ.
ఎక్కడ మొదలుపెట్టాల్నో తెలువక
వరంగల్ ఆటోనగర్‌ల, పొద్దుగాల ఏడింటికి
చెప్పులు విడిచి ఎక్కాల్నా, చెప్పులతోనే ఎక్కాల్నా అని
మెట్టు కాడనే నిలబడ్డం నేనూ, చెల్లె సారక్క.

"బానెట్ మీద చెయ్యి పెట్టు" అన్నడు మెకానిక్ యాకూబ్.
పెట్టిన. వెచ్చగున్నది.
"మనం రాకముందే లేపి తిప్పిండు. సల్లబడనీ.
సల్లటి బండే నిజం చెప్తది."
ఛాయ్ తాగినం. మళ్ళొక ఛాయ్ తాగినం.
పిలగాని జరం చూసినట్టు మళ్ళ చెయ్యి పెట్టి
ఇప్పుడు తిప్పుమన్నడు.
నల్లపొగ వచ్చి పోయింది. పోతే మంచిదే.
నీలిపొగ నిలబడితే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు,
"తాగేటోన్ని ఇంటికి తెచ్చుకోవద్దు."
సారక్క నా దిక్కు చూసి నవ్వు ఆపుకున్నది.
మాకు ఆ సంగతి ఒగలు చెప్పాల్నా.

పన్నెండేండ్ల సంది జాతర్ల ఎంట తిరుగుతున్నం.
ఐనవోలు, కొత్తకొండ, మేడారం.
టార్పాలిన్ బొమ్మలకు కప్పి మేం తడిసినం.
తెల్లారగట్ల నాలుగింటికి లేచి తానం చేసినం,
చీకటే మాకు తడిక.

బండి బోర్ల ఐలయ్యది. పాత స్వరాజ్ మజ్దా.
బోరు లారీ ఎంట తిరిగే కూలోళ్ళ కోసం
మూడు మంచాలు, ఒక పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించిండు.
"రంగు చూడుండ్రి, పెండ్లిపిల్ల లెక్కుంది."
యాకూబ్ రంగు చూడలే.
గోనెసంచి పరిచి కిందికి దూరి
ఛాసిస్‌ను సుత్తెతోని కొట్టుకుంట పోయిండు,
ఠంగు, ఠంగు, ఠంగు,
ఒక్క కాడ థప్పు.
అక్కడ సుద్దముక్కతోని సున్నా చుట్టిండు.
ఆ సున్నకు ఐదువేలు తగ్గియ్యాలె.

టైరు అచ్చు గాదు, పుట్టిన తారీఖు చూడుమన్నడు.
ఆర్సీల మంచాలు ఎక్కినయా అని అడిగిండు.
కాయితం మీద లారీ, రోడ్డు మీద ఇల్లు అయితే
ఆపిన కాడ రెండూ పోతయట.
ఫైనాన్స్ తీరిందా, చలాన్లెన్ని, ఫిట్‌నెస్ ఎన్నడిదాక.
ఐలయ్య ఒక్కొక్క కాయితం
పంటినొప్పోడు నోరు తెరిసినట్టు తీసిండు.

అన్ని అయినంక
పనిపిలగానికి బకెట్ ఇచ్చి పైకెక్కిచ్చిండు.
మా ఇద్దర్ని, ఐలయ్యను లోపల కూసోబెట్టి తలుపేసిండు.
ఎవ్వలం మాట్లాడలే.
మొదటి బకెట్ పడ్డది, అచ్చం వాన లెక్కనే.
మీద పడకుండ వాన సప్పుడు ఇంత దగ్గర
జాతర సరుకు ఎంటబెట్టుకున్నంక ఎన్నడు విన్న?
రెండోది. మూడోది.
సారక్క పై మంచమెక్కి కాళ్ళు చాపింది.
చాపినంక గూడ జానెడు జాగ మిగిలింది.
నాలుగో బకెట్‌కు
పొయ్యి మీద, గాలికంత మూలకు
ఒక చుక్క పుట్టింది. ఊగింది. పడ్డది.

నర్సంపేట దిక్కు ఎనిమిదివందల ఫీట్లు దించినా
దుమ్ము తప్ప చూడనోడు,
ఎంతమంది రైతుల ముందట తల గోక్కున్నడో,
ఐలయ్య ఆ చుక్క దిక్కు చూసి
"నీళ్ళు పడ్డయ్" అన్నడు మెల్లగ.
అందరం నవ్వినం. ఆయన అందరి ఎనుక నవ్విండు.
ఇంకో ఎనిమిదివేలు తగ్గిచ్చిండు.

పై మంచం చెక్క మీద పెన్సిల్ గీతలున్నయట,
ఐదేసి ఐదేసి కట్టలు కట్టినట్టు,
పక్కన మాకు రాని గుండ్రటి అక్షరాలు.
ఒరిస్సా కూలోళ్ళు రాసుకున్నరేమో,
పనిదినాలో, ఇంటికి పోయే దినాలో.
"రంగేస్తే పోతది" అన్నడు యాకూబ్.
సారక్క ఏం అనలే. ఆ చెక్క వదిలి
మిగిలినయి చేత్తో సూపెట్టింది.

బయాన ఇచ్చినం.
ట్రయల్‌కు పోతే శివనగర్ అండర్ బ్రిడ్జి కాడ
బండి ఆపి దిగి, ఇద్దరం మెడలెత్తి చూసినం,
మా పైకప్పుకు, రైలుపట్టాలకు నడుమ సందు.
ఎనుక ఆటోలు హారన్లు కొడుతున్నయ్.
"కొట్టనీ" అన్నది సారక్క,
"ఇల్లు పట్టాలె గద."